సైకిల్‌ని ఆదివారానికి వదిలేయకండి

సైకిల్ తొక్కితే మనసు బాగుంటుందని ఎవరు రాసినా ముందు ఎండార్ఫిన్ల దగ్గరే మొదలుపెడతారు. ఒళ్లు కష్టపడితే మెదడులో అవి ఊరతాయి, నొప్పి తెలియనివ్వవు, హాయిగా అనిపిస్తుంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. 2008లో జర్మనీలో దూరపు పరుగు అలవాటున్న వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూస్తే, రెండు గంటల పరుగు తర్వాత ఆ రసాయనాల జాడ కనిపించింది. అయితే 2021లో హాంబర్గ్ పరిశోధకులు ఇంకో రకంగా చూశారు. ఎండార్ఫిన్లు పనిచేయకుండా అడ్డుకునే మందు వేసి మరీ మనుషుల్ని పరిగెత్తించారు. అయినా వాళ్లకి ఆ హాయి కలిగింది, ఆందోళన తగ్గింది. ఒంట్లోనే తయారయ్యే ఎండోకానబినాయిడ్లు అనే వేరే పదార్థాలకి ఇందులో పెద్ద పాత్ర ఉందని ఆ పరిశోధకుల ఆలోచన.

ఇదంతా తెలుసుకోవడం మంచిదే. కానీ రసాయనాల దగ్గరే ఆగిపోతే సైకిల్‌కీ జిమ్‌లో ట్రెడ్‌మిల్‌కీ తేడా లేకుండా పోతుంది. తేడా ఉంది. చాలా ఉంది. నేను విజయవాడలో సత్యనారాయణపురం నుంచి గవర్నర్‌పేటలో ఉన్న ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లి వస్తుంటాను. ఆదివారాలు వీలైతే బ్యారేజి దాటి కరకట్ట మీదికి కూడా వెళ్తాను. ఈ రెంటిలో నా మనసుని నిలబెట్టేది ఏదంటే, పచ్చని కరకట్ట కాదు, దుమ్మూ పొగా ఉన్న ఆ ఆఫీసు దారే. వినడానికి వింతగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆఫీసుకి వెళ్లేవాళ్లని అలసగొట్టేది దూరం కాదు. మన చేతిలో ఏమీ లేకపోవడం. బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే ఎప్పుడు బయటపడతామో చెప్పలేం. ముందు ఆర్టీసీ బస్సు, పక్కన సందు దొరికితే దూరిపోదామని చూసే ఆటో, వెనక ఆగకుండా హారన్లు. వాచీ చూసుకుంటూ, ఆలస్యానికి ఏం చెప్పాలో మనసులోనే అల్లుకుంటూ కూర్చుంటాం. పళ్లు బిగుసుకుంటాయి, భుజాలు పైకి లేస్తాయి. ఆఫీసులో అడుగుపెట్టేసరికే సగం ఓపిక ఖర్చయిపోయి ఉంటుంది. సైకిల్ మీద ఈ బాధ లేదు. ట్రాఫిక్ ఉన్నా లేకపోయినా నాకు పట్టే సమయం దాదాపు ఒక్కటే, ఇరవై నిమిషాలు. మరీ ఇరుకైతే దిగి పక్కనుంచి నడిపించుకుపోతాను. ఎక్కడ ఆగాలో, ఏ సందులోంచి వెళ్లాలో నేనే నిర్ణయించుకుంటాను. ఎంత త్వరగా వెళ్తానన్నది నా కాళ్ల ఇష్టం.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 18 వేల మంది ఉద్యోగుల వివరాలను 18 ఏళ్ల పొడవునా తీసుకుని పరిశీలించి, 2014లో ఫలితాలు చెప్పారు. కారు నడుపుకుంటూ వెళ్లేవాళ్ల కంటే నడిచో, సైకిల్ మీదో వెళ్లేవాళ్లు మానసికంగా మెరుగ్గా ఉన్నారు. కారు మానేసి సైకిలో నడకో మొదలుపెట్టినవాళ్లలో కూడా ఆ మార్పు కనిపించింది. కారులో గడిపే సమయం పెరిగేకొద్దీ మనసు కుంగుతోంది, నడిచే సమయం పెరిగేకొద్దీ తేలికపడుతోంది. మాంట్రియల్‌లో 2017లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఆఫీసుకి చేరిన 45 నిమిషాల లోపు ఎలా ఉందో ఉద్యోగుల్నే అడిగారు. సైకిల్ మీద వచ్చినవాళ్లలో కారులో వచ్చినవాళ్ల కంటే ఒత్తిడి తక్కువగా ఉంది. పొద్దున్నే ఏ మూడ్‌లో పని మొదలుపెడతామన్నది ఆ రోజంతటినీ ఎలా పట్టుకుంటుందో ఉద్యోగం చేసే ఎవరినడిగినా చెప్తారు.

సాయంత్రం ఇంకా ముఖ్యం. ఆఫీసులో ఎవరో ఒక మాట అంటారు. దాన్ని అలాగే మోసుకొచ్చి ఇంట్లో పిల్లల మీద దించుతాం. ఇది మనందరి ఇళ్లలోనూ జరిగేదే. ఆఫీసు కుర్చీకీ ఇంటి గుమ్మానికీ మధ్య ఆ ఇరవై నిమిషాలు ఉంటే, మాట మిగిలినా దాని మంట చల్లారుతుంది.

ఎందుకు చల్లారుతుందో నాకు అర్థమైనంతలో చెప్తాను. మనసు బాగాలేనప్పుడు ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంది. సోఫాలో కూర్చుంటే దానికి కావలసినంత తీరిక. ట్రెడ్‌మిల్ మీద కూడా అంతే, కాళ్లు వాటి పని చేస్తాయి, తల తన పని చేస్తుంది. సైకిల్ మీద అలా కుదరదు. గుంత చూసుకోవాలి, ఆగి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుస్తారేమో గమనించాలి, వెనక వచ్చే లారీ చప్పుడు చెవిన పడాలి. అంత గమనిక కావాలి కానీ, మెదడు వేడెక్కేంత కాదు. ఆ కొలత సరిగ్గా సరిపోతుంది. ఆలోచన పూర్తిగా పోదు, కానీ మిమ్మల్ని వదిలి వెనక్కి జరుగుతుంది.

ఇక సైకిల్ వేగం. గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు. స్కూటీ మీద అయితే ఊరు గోడలా జారిపోతుంది. నడిస్తే నేనుండే చోటి నుంచి ఆఫీసు దూరమవుతుంది. సైకిల్ మీద ఊరు ముక్కుకీ చెవికీ కూడా అందుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసిన ఆవిరి, కాఫీ పొడి మర వాసన, కాలువ వాసన, మల్లెపూలు మూరలు వేస్తున్న చోట తడి గోనెసంచి వాసన. అన్నీ మంచి వాసనలే కావు. కానీ అన్నీ తెలుస్తాయి. లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులు తెరిచి ఉంటే, స్టాండ్ వేసి ఒక వరస చూసి వెళ్లొచ్చు. కారులో ఉన్నవాళ్లు పార్కింగ్ కోసం వెతుకుతూనే ఆ కోరిక చంపుకుంటారు.

మనుషులు కూడా అందుతారు. "ఏమ్మా, నాలుగు రోజుల నుంచి కనపడట్లేదు, ఒంట్లో బాగానే ఉందా?" అని పూలావిడ అడుగుతుంది. "అక్కా, వెనక చక్రంలో గాలి తక్కువుంది, ఆగు కొడతాను" అని పంక్చర్ షాపు కుర్రాడు కేకేస్తాడు. వీళ్లు నాకు చుట్టాలు కారు, స్నేహితులని కూడా చెప్పలేను. అయినా పొద్దున్నే ఇలాంటి నలుగురు నన్ను గుర్తుపట్టి పలకరించడం వల్ల, ఎంత పెద్ద నగరంలో ఉన్నా ఒంటరిగా లేనన్న ధైర్యం వస్తుంది. హెల్మెట్ అద్దం దించుకుని, కారు అద్దాలు ఎక్కించుకుని తిరిగే మనకి ఈ పలకరింపులు ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు. మనసు ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎందుకో లెక్కలోకి తీసుకోం. నా మటుకు నాకు ఎండార్ఫిన్ల కంటే ఇదే పెద్ద కారణం.

కరకట్ట గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ప్రకాశం బ్యారేజి మీద తెల్లవారుజామున గాలి చల్లగా ఉంటుంది. సీతానగరం దాటి కరకట్ట ఎక్కితే కుడివైపు కృష్ణ, ఎడమవైపు ఉండవల్లి, పెనుమాక పొలాలు. మూడు పంటలు పండే జరీబు నేలలు అవి. అరటి, కూరగాయలు, పూలతోటలు. అక్కడ తొక్కుతుంటే ఊపిరి లోతుగా అందుతుంది. ఎవరికైనా మొదటిసారి సైకిల్ మీద ఇష్టం కలగాలంటే అక్కడికే తీసుకెళ్తాను.

కానీ అది పండగ. పండగ రోజూ రాదు. అలారం పెట్టుకోవాలి, తోడు దొరకాలి, వాన పడకూడదు, ఇంట్లో చుట్టాలు ఉండకూడదు. ఆదివారం వచ్చిన హాయి సోమవారం మధ్యాహ్నానికి అరిగిపోతుంది. పైగా ఈ మధ్య ఆదివారం సైకిల్ అంటే ఫోన్ యాప్‌లో కిలోమీటర్లు, సగటు వేగం, ఎవరిని ఎవరు దాటారు అనే పోటీగా మారుతోంది. పోటీ ఇష్టమైనవాళ్లకి అభ్యంతరం చెప్పను. కానీ టెన్షన్ తగ్గించుకోవడానికి వచ్చి కొత్త టెన్షన్ తగిలించుకోవడం నాకు బాధగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటోంది. పోను ఇరవై, రాను ఇరవై, వారానికి ఐదు రోజులు వేసుకుంటే 200 నిమిషాలు. ఇందుకు విడిగా ఒక్క గంట కూడా కేటాయించనక్కర్లేదు. ఎలాగూ వెళ్లాల్సిన దారే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. రోజూ సైకిల్ తొక్కేవాళ్లు మన ఊళ్లలో లక్షల మంది ఉన్నారు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్లు, తాపీ పనికి వెళ్లే కూలీలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మెన్లు. మనసుకి సైకిల్ అంత మంచి మందే అయితే వాళ్లంతా సంతోషంగా ఉండాలి కదా?

దీనికి జవాబు సైకిల్‌లో లేదు, బతుకులో ఉంది. వ్యాయామమూ మానసిక ఆరోగ్యమూ మీద వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2017లో చేసిన ఒక విశ్లేషణలో, తీరిక వేళల్లో చేసే కదలికకీ, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లడానికి చేసే కదలికకీ మంచి మానసిక స్థితితో సంబంధం కనిపించింది. పనిలో భాగంగా చేసే శారీరక శ్రమకి అలాంటిది కనిపించకపోగా, మానసిక సమస్యలతోనే సంబంధం కనిపించింది. కండరాలకి రెండూ ఒకటే కావచ్చు. మనిషికి కాదు. బరువు మోస్తూ, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇంకో దారి లేక తొక్కడం వేరు. అన్నిటికంటే మించి, రోడ్డు మీద ప్రతి కారువాడూ "పక్కకి జరుగు" అన్నట్టు హారన్ కొట్టడం వేరు. అదే హెల్మెట్ పెట్టుకుని లక్ష రూపాయల సైకిల్ తొక్కేవాణ్ని ఎవరూ అలా కసరరు. సైకిల్ ఇచ్చే హాయిలో మర్యాదకి ఎంత వాటా ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఉద్యోగాలున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు ఆఫీసుకి సైకిల్ మీద రావడం పెరిగితే, ఆ కూలీ అన్నకి కూడా రోడ్డు మీద కాస్త చోటు, కాస్త గౌరవం దొరుకుతాయని నా గట్టి నమ్మకం. నేను స్కూటీ పక్కనపెట్టడానికి ఇది కూడా ఒక కారణం.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మా తరంలో ఆడపిల్లలు పదో తరగతి దాకా సైకిల్ తొక్కేవాళ్లు. పెద్దమనిషయ్యాక కొందరు ఇళ్లలో ఆపించేసేవారు. కాలేజీకి బస్సు, ఉద్యోగానికి స్కూటీ, పెళ్లయ్యాక వెనక సీటు. ముప్పై ఏళ్లు దాటిన ఆడమనిషి సైకిల్ మీద కనిపిస్తే ఇప్పటికీ తిరిగి చూస్తారు. నేను మళ్లీ మొదలుపెట్టినప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి మెల్లగా, "అమ్మాయ్, ఏమైనా ఇబ్బందుల్లో ఉన్నారా?" అని అడిగారు. ఆవిడ ప్రేమగానే అడిగారు. సైకిల్ అంటే లేమి అన్న ముద్ర మన మనసుల్లో అంత లోతుగా పడిపోయింది. నాలుగు నెలలు పోయాక అదే పెద్దావిడ తన మనవరాలికి బ్యాలెన్స్ నేర్పమని పంపారు.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా కథ నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ఉత్సాహం వస్తుంది. 1990ల మొదట్లో షీలా రాణి చుంకత్ అక్కడ కలెక్టర్‌గా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్లకి సైకిల్ నేర్పారు. లక్షమందికి పైగా నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్క మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు. బస్సు కోసం ఎదురుచూడక్కర్లేదు, అన్ననో భర్తనో బతిమాలక్కర్లేదు. పనికీ నీళ్లకీ తామే వెళ్లి రావడం మొదలైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' అని హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. ఆ సైకిళ్ల మీద ఇద్దరేసి డబుల్స్ తొక్కుకుంటూ నవ్వుకుంటూ పోయే పిల్లల్ని ఏలూరు కాలువ గట్ల వెంట చూసినవాళ్లకి, సైకిల్‌కీ సంతోషానికీ ఉన్న లంకె గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరి అనుమతీ తోడూ అవసరం లేకుండా వెళ్లి రాగలగడం మనసుకి ఎంత బలమో, అది కొన్నాళ్లు లేకుండా బతికినవాళ్లకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. రోజువారీ దిగులు వేరు, డిప్రెషన్ వేరు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలనిపించకపోయినా "సైకిల్ తొక్కు, అదే పోతుంది" అని ఎవరికీ చెప్పొద్దు. మంచం మీంచి లేవలేని మనిషిని ఆ మాట ఇంకా చిన్నబుచ్చుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ సేవ దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చికిత్స జరుగుతూ ఉండగా డాక్టర్ సరేనంటే అప్పుడు సైకిల్ తోడవుతుంది.

మళ్లీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి గేర్లున్న ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. ఊళ్లో మూడు నాలుగు కిలోమీటర్లకి మామూలు సైకిల్ చాలు, పాతదైనా పర్వాలేదు. నేను చూసినంతలో చాలామంది పదిరోజుల్లో మానేయడానికి కారణం సీటు. భయం కొద్దీ సీటు బాగా కిందికి దించి తొక్కుతారు, మోకాళ్లు నొప్పెట్టి వదిలేస్తారు. పెడల్ అడుగుకి వెళ్లినప్పుడు మోకాలు దాదాపు చాచుకుని, కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. చక్రాల్లో గాలి ఎప్పటికప్పుడు చూసుకోవాలి, గాలి తక్కువైతే ఎదురుగాలిలో తొక్కినట్టే ఉంటుంది. ఎప్పుడూ పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత తీరుబడిగా తొక్కండి. చీకటి పడితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చున్నీ ముడి వేసుకోండి.

వయసు పైబడిందని వెనకాడేవాళ్లకి ఒక మంచి మాట. ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 50 ఏళ్లు దాటినవాళ్లతో ఎనిమిది వారాలు సైకిల్ తొక్కించారు. కొందరికి మామూలు సైకిళ్లు, కొందరికి బ్యాటరీ సాయం ఉన్న సైకిళ్లు. బ్యాటరీ సైకిల్ తొక్కినవాళ్లు తక్కువ కష్టపడి ఉండొచ్చు, కానీ మానసికంగా వాళ్లకీ మేలు జరిగింది. 2019లో వచ్చిన ఈ ఫలితం కూడా నా మాటకే బలమిస్తోంది. చెమట ఎంత కారిందన్నది కాదు, ఇంట్లోంచి బయటపడి, సొంతంగా ఒక చోటికి వెళ్లి రావడం ముఖ్యం.

ఎండ సంగతి దాచను. మే నెలలో విజయవాడలో 44 డిగ్రీలు దాటిన రోజుల్లో మధ్యాహ్నం సైకిల్ ఎక్కకూడదు. ఆ నెలన్నర నేను పొద్దున ఎండెక్కక ముందే వెళ్లిపోతాను, సాయంత్రం పొద్దు వాలాకే బయల్దేరతాను. మరీ ఘోరంగా ఉన్న రోజుల్లో బస్సే. మిగిలిన పదిన్నర నెలలు హాయిగా కుదురుతుంది.

ఎండ కంటే పెద్ద అడ్డంకి రోడ్డే, అది మనిషి చేసింది కాబట్టి మార్చుకోవచ్చు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరా, గ్లాస్గో నగరాల్లో 3 లక్షల 78 వేల మందికి పైగా ప్రజల వివరాలు తీసుకుని, సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లకి తర్వాతి ఐదేళ్లలో డిప్రెషన్‌కో ఆందోళనకో మందులు రాయాల్సిన అవసరం 15 శాతం తక్కువని 2024లో పరిశోధకులు తేల్చారు. ఆడవాళ్లలో ఈ మేలు మగవాళ్లలో కంటే ఎక్కువ కనిపించింది. అందులో నాకు నచ్చింది వాళ్లు లెక్క వేసిన తీరు. మనసు బాగున్నవాళ్లే సైకిల్ ఎక్కుతారేమో అన్న అనుమానం తీరడానికి, ఇల్లు సైకిల్ దారికి ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని ఆధారం చేసుకున్నారు. అంటే గుమ్మం దగ్గర దారి ఉంటే జనం తొక్కుతారు, తొక్కితే మందుల అవసరం తగ్గుతుంది. రోడ్లు వేసే శాఖ కూడా మానసిక ఆరోగ్యాన్ని బాగుచేయగలదని దీని అర్థం.

మన దగ్గర హైదరాబాద్‌లో 2023 అక్టోబర్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. చాలా మంచి పని. నీడ వేస్తే మన ఎండల్లోనూ సైకిల్ కుదురుతుందని అది రుజువు చేసింది. అయితే ఎక్కువమందికి అక్కడికి చేరడానికి కారు కావాలి. కావాల్సింది అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇంటి నుంచి కూరల మార్కెట్‌కీ బడికీ వెళ్లే దారిలో.

అమరావతి ప్రణాళికలో సైకిల్ దారులున్నాయి, సంతోషం. కొత్త నగరం వచ్చేదాకా విజయవాడలో ఉన్నవాళ్లం ఆగలేం. మా ఇంటి దగ్గర బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, దానికి కావలసినంత వెడల్పు ఉంది. అందులో ఒక పక్క సైకిళ్లకి విడదీసి ఇవ్వొచ్చు. రంగుతో గీత గీస్తే చాలదు, గీసిన సాయంత్రానికే అక్కడ కార్లు ఆపుతారు. మధ్యలో అడుగు ఎత్తున దిమ్మెలు ఉండాలి, చెట్ల నీడ ఉండాలి. ప్రతి ఆఫీసులో, ప్రతి బడిలో కప్పున్న సైకిల్ స్టాండ్ ఉండాలి. మా ఆఫీసులో కార్లకి షెడ్డు ఉంది, సైకిళ్లకి లేదు. నేనూ ఇద్దరు అటెండర్లూ కలిసి అర్జీ రాసి ఇచ్చాం, కొత్త షెడ్డు కట్టేటప్పుడు ఒక మూల మాకు ఇస్తామన్నారు. మీ ఆఫీసులోనూ అడగండి. వాచ్‌మన్‌ని, అటెండర్‌ని కూడా కలుపుకుని అడగండి, అందరికంటే ముందు నుంచి సైకిల్ మీద వస్తున్నది వాళ్లే.